నా చేతులు ఆడనిచ్చిన ఆటలు

ఒంట్లో ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది టీవీ ముందు. ఆస్ట్రేలియాలో, పెర్త్‌లోని కానింగ్ వేల్‌లో అక్కా బావల ఇంట్లో ఉంటాను. ఆదివారం భోజనాలయ్యాక బావా నేనూ సోఫాలో కూర్చుని క్రికెట్ వీడియో గేమ్ ఆడటం మా ఇంటి ఆచారం. కొందరిళ్లలో పూజ ఉన్నట్టు మా ఇంట్లో ఇది. ఆ రోజు బావ కొట్టిన బంతి మెత్తగా నా ఫీల్డర్ చేతుల్లోకి వచ్చింది. బటన్ నొక్కాను. నొక్కాననే అనుకున్నాను. బొటనవేలు కాస్త ఆలోచించుకుని తర్వాత నొక్కింది. అప్పటికి బంతి నేల మీద ఉంది.

"నిద్రపోతున్నావా బామ్మర్దీ?" అన్నాడు బావ.

"కంట్రోలర్ పోయింది బావా."

ఆటలు ఆడేవాడు ఓడిపోతే మొదట కంట్రోలర్‌ని అనుమానిస్తాడు, తర్వాత ఇంటర్నెట్‌ని, ఆ తర్వాత అవతలివాడి నిజాయితీని. సొంత ఒంటిని అనుమానించడం మా శాస్త్రంలో లేదు. బ్యాటరీలు మార్చాను. ఆ తర్వాత కంట్రోలర్లు మార్చుకున్నాం. నాది బావ చేతిలో చక్కగా పనిచేసింది. బావది నా చేతికి రాగానే చెడిపోయింది. ఇంత స్పష్టమైన రిపోర్టు వచ్చాక కూడా, మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ కొత్త కంట్రోలర్ కొనుక్కొచ్చాను. అదీ చెడిపోయింది.

మంగళవారానికి రెండు పాదాల్లో తిమ్మిరి. కారు దిగి నిలబడబోతే మోకాళ్లు నాతో రాలేదు. వంటింట్లో అక్క నన్నే చూస్తోంది.

"ఒరేయ్ చిన్నా, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నావేంట్రా?"

"వేడిగా ఉందక్కా."

"అది ఫ్రిజ్‌లో నీళ్లురా."

చెప్పులేసుకునే టైమ్ కూడా ఇవ్వకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది.

అక్కడ ఒక యువ డాక్టర్ చిన్న సుత్తితో మోకాలి మీద తట్టారు. కాలు కదల్లేదు. "కొట్టారా?" అని అడిగాను. "కొట్టాను," అన్నారాయన, నవ్వకుండా. తర్వాత న్యూరాలజిస్ట్ వచ్చారు. నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు ఉన్నావిడ. ఈ మధ్య కడుపు పాడైందా అని అడిగారు. అయింది. కొన్నాళ్ల క్రితం పార్కులో తెలుగువాళ్లమంతా కలిసి బార్బెక్యూ పెట్టుకున్నాం. గ్రిల్ దగ్గర బావే. తర్వాత నాకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. అంతటితో ఆ సంగతి మర్చిపోయాను.

"గియాన్ బారే సిండ్రోమ్ అనుకుంటున్నాను. జి.బి.ఎస్. అంటాం. ఇన్ఫెక్షన్‌తో పోరాడిన ఇమ్యూన్ సిస్టమే పొరపాటున నరాల మీద పడుతుంది," అన్నారామె.

"మా ఆటల్లో సొంత జట్టువాళ్లనే కాల్చేస్తే దాన్ని ఫ్రెండ్లీ ఫైర్ అంటారు."

"బావుంది. తర్వాతి పేషెంట్‌కి అలాగే చెబుతాను," అన్నారు. ఆ తర్వాత అక్క వైపు తిరిగి, "రెండు వైపులా బలం తగ్గుతూ పైకి ఎక్కుతుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మీరు ఆగలేదు, మంచి పని చేశారు," అన్నారు. కంట్రోలర్ కొన్న రోజు గురించి నేను నోరు విప్పలేదు.

చివర్లో ఇంకో మాట చెప్పారు. "సరిగా ఉడకని చికెన్‌తో వచ్చే ఇన్ఫెక్షన్ తర్వాత ఇది రావచ్చు. కానీ ఏ పూట తిన్నదో, అసలు చికెనేనో కాదో ఎప్పటికీ చెప్పలేం." బావ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. రెండోది ఆయనకి చేరలేదు.

వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ చేశారు. మోకాళ్లు గడ్డానికి ఆనించి రొయ్యలా పడుకోవాలి. నెర్వ్ కండక్షన్ స్టడీలో చేతులకీ కాళ్లకీ చిన్న చిన్న షాకులిచ్చి, వైర్లు ఎక్కడ నెమ్మదించాయో చూశారు. నేను నెట్‌వర్క్ ఇంజనీర్‌ని. ఇన్నేళ్లూ వేరేవాళ్ల లైన్లకి చేసింది ఇప్పుడు నాకు చేస్తున్నారు. రోజుకి చాలాసార్లు ఒక గొట్టంలోకి గట్టిగా ఊదమనేవారు. ఊపిరి బలం ఒక హద్దు దాటి పడిపోతే ఐ.సి.యు., వెంటిలేటర్. నా జీవితంలో స్కోరు చూసి భయపడింది అప్పుడే. అది కొంత పడి, హద్దుకి కాస్త ఇవతల ఆగింది. ఐదు రోజులు ఐ.వి.ఐ.జి. అనే యాంటీబాడీల డ్రిప్ ఎక్కించారు.

ఈ ఏడాది నాకు నచ్చిన ఆటల్లో మొదటిది ఆ మంచం మీదే దొరికింది. ఫోన్లో ఒక బేకరీ. మనం ఏమీ చేయకపోయినా రొట్టెలు వాటంతటవే తయారవుతాయి. అప్పుడప్పుడు ఒకసారి తాకితే చాలు. వేళ్లు లేవవు కాబట్టి కణుపుతో తాకేవాడిని. మామూలు రోజుల్లో ఇలాంటి ఆట ఆడేవాళ్లని వెక్కిరించేవాడిని. అప్పుడు మాత్రం నేను పడుకున్నా ముందుకు సాగుతున్నది ప్రపంచంలో అదొక్కటే.

కాస్త తేరుకున్నానని రిహాబ్ వార్డుకి మార్చారు. వారం తిరగకముందే తాగిన నీళ్లు పెదవి చివర నుంచి కారిపోయాయి. చేతులు మళ్లీ పడిపోయాయి. "ఇలా జరుగుతుంటుంది. మొదటికి రాలేదు, ఒక మెట్టు జారారు," అన్నారు న్యూరాలజిస్ట్. ఇంకో విడత ఐ.వి.ఐ.జి. ఎక్కించారు. ఆ రోజు ఒక జోక్ వేద్దామని చూశాను, పెదవులు 'ప' పలకలేదు. జోక్ కూడా అంత బాగా లేదులెండి.

రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ జెన్నీ మొదటి రోజే అడిగింది: "నీ చేతులు నీకు ఎందుకు కావాలి?"

"క్రికెట్ గేమ్‌లో మా బావని ఓడించడానికి."

"ఒరేయ్, ఉద్యోగానికి అని చెప్పరా," అని గొణిగింది అక్క.

"ఇదే బెటర్," అంది జెన్నీ. "ఉద్యోగం కోసం ఎవరూ ఇంత కష్టపడరు."

అప్పటి నుంచి ఆటలు చికిత్సలో భాగమయ్యాయి. ముందు వంతులవారీ యుద్ధం ఆట. మన ఎత్తు అయ్యేదాకా శత్రువు కత్తి పట్టుకుని అలాగే మర్యాదగా నిలబడతాడు. నేను ఒక బటన్ నొక్కడానికి తీసుకునే టైమ్‌లో ఆయన కాఫీ తాగి రావచ్చు. తర్వాత కొండల్లో మూటలు మోసుకుంటూ నడిచేవాడి ఆట. వాడు జారి పడితే నవ్వేవాడిని. మర్నాడు వాకర్‌తో బాత్రూమ్ దాకా వెళ్తూ నేను పడ్డాను. వాడు చూడలేదు, అదృష్టం.

ఆ తర్వాత పొలం ఆట. నాలుగు మడులకి నీళ్లు పెట్టి ఆపేయమంది జెన్నీ. "అలసిపోయాక ఆపడం కాదు. ఇంకా చేయగలను అనిపిస్తున్నప్పుడే ఆపాలి." పంట కోతకొచ్చింది కదా అని ఒకరోజు పొలమంతా ఒక్కడినే కోశాను. మర్నాడు స్పూన్ పట్టుకోలేకపోయాను. వీడియో గేమ్‌లో కూడా నష్టపోయేది రైతే.

ఇంటికొచ్చేసరికి కర్ర సాయంతో నడుస్తున్నాను. వచ్చాక మొదటి ఆదివారం బావే టీవీ ఆన్ చేశాడు. గెలిచాను. మరో ఆదివారం మళ్లీ గెలిచాను. అక్క మా ఊర్లో ఉన్న అమ్మకి ఫోన్ చేసి వాడి చేతులు వచ్చేశాయని చెప్పింది. నేనూ నమ్మాను. చేతికి రోజూ ఇచ్చే వ్యాయామాలు సగానికి తగ్గించుకున్నాను.

కానీ ఇంట్లో వేరే మార్పులున్నాయి. బావ నన్ను బామ్మర్దీ అని పిలవడం మానేశాడు. "మంచినీళ్లు కావాలా, దిండు పెట్టనా," ఇంతే. గ్రిల్ పెరట్లో కవర్ కింద ఉంది. ఇంట్లోకి చికెన్ రావడం లేదు. పెళ్లినాడు ఆడపడుచు కట్నాల దగ్గర కూడా వేళాకోళం ఆపని మనిషి, నాతో హాస్పిటల్ రిసెప్షన్‌లో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.

మూడోసారి ఆడుతున్నప్పుడు బంతుల్ని గమనించాను.

"బావా, అన్నీ ఫుల్ టాసులే వేస్తున్నావేంటి?"

"అలా పడుతున్నాయ్‌రా, ఏం చెయ్యను."

"పోయింది నరాలు బావా. కళ్లు బానే ఉన్నాయి."

బావ కంట్రోలర్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ రోజు పార్కులో ముక్క లోపల ఎర్రగా ఉందని మీ అక్క అంది. ఏం కాదులే అని నీ ప్లేట్లో వేసింది నేనే."

"నేను అది తిని ఇంకోటి అడిగాను. దానికీ నువ్వేనా కారణం?"

"వేళాకోళం కాదురా."

"నాదీ వేళాకోళం కాదు. ఏ పూట తిన్నదో చెప్పలేమని డాక్టర్ అన్నారు, నువ్వు వినలేదు. అది వదిలేయ్. నువ్వు కావాలని ఓడిపోతుంటే నా చేతులు ఎంతవరకు వచ్చాయో నాకెలా తెలుస్తుంది? వచ్చేశాయనుకుని ఎక్సర్‌సైజులు మానేస్తున్నాను. నాకు దొంగ రిపోర్ట్ ఇస్తున్నావు బావా."

ఆయన కంట్రోలర్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"నిజంగా ఆడమంటావా?"

"ఆడు."

ఆడాడు. నా జట్టు స్కోరు రెండంకెలకి కూడా చేరలేదు. యార్కర్ పడిన ప్రతిసారీ కుడి బొటనవేలు ఆలస్యమే. చివరి వికెట్ పడింది. బావ ఆగలేకపోయాడు.

"ఏం బామ్మర్దీ, ఇదేనా జబ్బు తగ్గడమంటే?"

నవ్వు వినపడి అక్క వంటింట్లోంచి తొంగి చూసింది. మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

జెన్నీకి ఆ వారమే జరిగింది చెప్పాను. బొటనవేలి కింది కండ పరీక్షించి, అది ఇంకా బాగా వెనకబడి ఉందని చెప్పింది. థెరపీ పుట్టీ అనే మెత్తటి ముద్దని పిసికే కొత్త వ్యాయామాలు ఇచ్చింది. అవి విసుగ్గా ఉంటాయి. పనిచేస్తాయి.

ఇప్పుడు ఫుల్ టైమ్ ఆఫీసుకి వెళ్తున్నాను. సాయంత్రమయ్యేసరికి అరికాళ్లు చిమచిమలాడతాయి, ఎక్కువసేపు నిలబడలేను. చొక్కా గుండీలు పెట్టుకోగలను, మెడ దగ్గరది తప్ప. అది పెట్టుకోకపోతే స్టైల్ అంటారు, నాకు నష్టం లేదు. ఇంట్లో మళ్లీ చికెన్ వండుతున్నారు. ముక్కలో గుచ్చి ఉడికిందో లేదో చూసే మీట్ థర్మామీటర్ ఒకటి బావ కొన్నాడు, వంకాయకి కూడా గుచ్చుతున్నాడు. ఆటలో ఇప్పటికీ ఎక్కువసార్లు ఆయనే గెలుస్తాడు. జబ్బుకి ముందూ అంతే, ఈ విషయంలో నరాలని తప్పుపట్టలేను.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి జబ్బు నుంచి లేస్తుంటే ఒక్క మాట. వాళ్ల పని మీరు చేసిపెట్టేసి, వాళ్లకి వచ్చేసిందని అందరికీ చెప్పకండి. మంచినీళ్ల సీసా దగ్గర పెట్టండి, మూత మాత్రం వాళ్లనే తీయనివ్వండి. రాకపోతే మీరు తీయండి, దాహం వేసినవాళ్లని పరీక్షించకూడదు. కానీ ఆ రోజు మూత రాలేదన్న సంగతి మాత్రం థెరపిస్ట్‌కి చెప్పండి.