తాత నడుము

పోటీ పరీక్ష కోసం కొన్న మానవశాస్త్రం పుస్తకం తెరవగానే, కోతి నుంచి మనిషి దాకా వరుసగా నడిచే ఆ పాత బొమ్మే కనిపించింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, చౌటుప్పల్ దగ్గర మా ఊరి బడిలో మొదటిసారి చూశాను దాన్ని. నేను మనిషి వైపు నుంచి చదివాను. నిటారుగా ఉన్నవాడు కొంచెం వంగాడు, ఇంకా వంగాడు, చివరికి చేతులు నేలకు ఆనాయి. గుంట మగ్గంలో కూర్చుని నేసీ నేసీ నడుము వంగిన మా తాత అప్పటికే సగం దారిలో ఉన్నాడు.

గంజి వాసన కొట్టే మగ్గం గదిలోకి పుస్తకంతో పరుగెత్తాను.

"తాతా, ఇగ నెయ్యకు. కోతివైతవు."

తాత నవ్వలేదు. బొమ్మను చాలాసేపు చూశాడు.

"గట్లనా బిడ్డా? అయితే జర పైలంగుండాలె."

గుంటలోంచి పైకొచ్చి, గుంజ పట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడ్డాడు.

"గిప్పుడు మనిషినేనా?"

"మనిషివే."

ఆ రోజు నుంచి నేను బడి నుంచి వచ్చే వేళకు తాత వాకిట్లో నిటారుగా నిలబడి ఉండేవాడు. నేను లోపలికి వెళ్లాక నడుము పట్టుకుని అరుగు మీద కూలబడేవాడని చాలా ఏళ్లకు అవ్వ చెప్పింది.

ఇప్పుడు ఈ పుస్తకంలోని బొమ్మ చివర నిటారుగా ఉన్న మనిషిని మళ్లీ చూశాను. అతను ఎవరి కోసం నిలబడ్డాడో.