దండ పడ్డ ముత్యాలు

ముత్యాలు చచ్చిపోయాడని తేలిన వేళ, దండేసిన అతని ఫోటో మీద వెలుగు పడేలా వెండిరంగు అట్ట పట్టుకుని నిలబడ్డది ఎవరనుకున్నారు? ముత్యాలే!

బరంపురం దగ్గర సముద్రపొడ్డున ఆర్యపల్లిలో వల వేసుకు బతికే మనిషి. ఒకప్పుడు తుఫానులో పడవతో సహా కొట్టుకుపోతే, వాళ్ళమ్మ గంగమ్మ తల్లికి మొక్కుకుంది, కొడుకు బతికొస్తే వాడి ఫోటోకి రోజూ బంతిపూల దండ వేస్తానని. లోకమంతా పోయినోళ్ళకి దండేస్తే, ఆ మహాతల్లి తిరిగొచ్చినోడికి వేసింది. ఆవిడ పోయాక ఆ మొక్కు కోడలు కూర్మమ్మ నెత్తిన పడింది.

బరంపురంలో గోసాని నువాగాం పేట నుంచి స్పందన అనే అమ్మాయి కెమెరాతో దిగింది. ఒడ్డు లాక్కోబోయిన కంపెనీ మీద ఈ జాలర్లు ఎలా తిరగబడ్డారో డాక్యుమెంటరీ తీస్తుందట. కూర్మమ్మ చేపలమ్మడానికి వెళ్ళిన పూట ఇంట్లోకొచ్చి, ఫోటో చూసి గొంతు తగ్గించింది.

"ఈయన...?"

"మా ముత్యాలండి. బుల్డోజరుకి అడ్డంగా పడుకున్నాడు," అన్నాడు సంఘం పెద్ద తాతారావు, ఛాతీ విరుచుకుని.

అబద్ధమేం కాదు. పడుకున్నాడు. అది వెనక్కెళ్ళాక లేచి, ఇంటికెళ్ళి చేపల పులుసు తిన్నాడు. ఆ రెండో ముక్క స్పందన అడగలేదు, తాతారావు చెప్పలేదు. పిల్ల కళ్ళు తుడుచుకుంది.

అట్ట పట్టుకున్న ముత్యాలు ఉండబట్టలేక, "పాపగోరూ, ముత్యాలంటే నేనే!" అన్నాడు.

స్పందన ఆయన చెయ్యి పట్టుకుంది. "అవునంకుల్. ఈ ఊళ్ళో ప్రతి ఒక్కరూ ముత్యాలే."

వినిపించుకుంటేనా, నా మొహం! తాతారావు పక్కకి లాగాడు. "ఊరుకో బావా. ఉద్దిమానికి ఒక అమరుడుంటే బరువు. నీకేటి పోయింది?"

పోయింది ప్రాణమే కదా! ముత్యాలు కోరిక ఒక్కటే. ఆ ఇనప పళ్ళు మీదికొస్తుంటే తనకెంత భయమేసిందో, అయినా ఎందుకు లేవలేదో తన నోటితో తను చెప్పాలి. అత్తారింట్లో ఉన్న కూతురు అరుణ అది వినాలి.

మర్నాడు ఆ సంగతంతా మళ్ళీ జరిగినట్టు తీయాలంది స్పందన. అద్దె బుల్డోజరు వచ్చింది. దాని ముందు పడుకునే మనిషి కోసం ఊరందర్నీ చూసి, ముత్యాలు దగ్గర ఆగింది.

"మీలో కొంచెం ఆయన పోలికలున్నాయంకుల్. ఆ తేజస్సు లేదనుకోండి, సర్దుకుందాం."

ముత్యాలు ఇసకలో కళ్ళు మూసుకుని పడుకున్నాడు. సరిగ్గా అప్పుడే కూర్మమ్మ ఖాళీ తట్టతో వచ్చింది. గుమిగూడిన జనం, మధ్యలో కదలకుండా మొగుడు. తట్ట విసిరేసి మీద పడి బావురుమంది.

"లెగు మావా! నన్నొగ్గేసి ఎల్లిపోకు మావా!"

"బతికే ఉన్నానే, ఎర్రిదానా! సినిమా!"

అంతే! రెండు చెంపలూ వాయించి, మళ్ళీ కావలించుకుని, కెమెరా కేసి తిరిగింది. "ఇడుగో నా మొగుడు! పేణంతో ఉన్నాడు, సూడండి!"

ముత్యాలు ఒళ్ళు పులకరించింది. ఇక తన బతుకుని ఎవడూ కాదనలేడు.

బరంపురంలో సినిమా వేసినప్పుడు మొగుడూ పెళ్ళాం కొత్తబట్టలు కట్టుకుని వెళ్ళారు. అరుణనీ రప్పించారు. తెర మీద కూర్మమ్మ అరుస్తోంది, ఇడుగో నా మొగుడని. దాని మీద ఒడియాలో ఒక గంభీరమైన గొంతు: "దుఃఖంతో మతి చలించిన ఈ వీరపత్ని, ఎదురైన ప్రతి మనిషిలోనూ భర్తనే చూసుకుంటోంది."

హాలంతా ముక్కులు చీదింది. అమరుడి కోసం లేచి మౌనం పాటించమన్నారు. అందరితో పాటు ముత్యాలూ లేచాడు, పాపం, మర్యాదస్తుడు. కూర్మమ్మ పంచె పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"కూకో! నీ సావుకి నువ్వే లెగుస్తావేటి?"

వెనకనించి ఎవరో "ఉష్" అన్నారు.

"ఉష్షేటి, నా మొగుడితో నాను మాటాడుకోకూడదా?" అని ఇటు తిరిగింది. "ఆ రోజు నీకు బయమేసిందా మావా?"

ముత్యాలు ఆమె పక్కనే కూర్చున్నాడు. "శానా ఏసిందే. లెగిసిపోతే రేపు మన పడవెక్కడ పెడతామా అని పడుకుండిపోనాను."

నిలబడి ఉన్న అరుణ వచ్చి నాన్న పక్కన కూర్చుంది.