కేబుల్ లేని నాలుగో కెమెరా

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మకపోవడం గొప్ప అని కాదు, అసలు వాటి గురించి ఆలోచించే తీరికే నాకు ఉండేది కాదు. మాది విజయనగరం. హైదరాబాదులో ఐటీ కంపెనీలు వీధికొకటి లేస్తున్న రోజుల్లో ఇక్కడికొచ్చి, ఒక ఆఫీసులో కంప్యూటర్లు, నెట్‌వర్కు చూసుకునే ఉద్యోగంలో చేరాను. కనెక్షన్ పోయిందని ఎవరైనా పిలిస్తే వెళ్ళి చూడటమే నా పని. వైరు తెగి ఉంటుంది, కనెక్టర్ వదులై ఉంటుంది, కాదంటే కరెంటు సరిగా అందక ఉంటుంది. ఇవి కాని కారణం ఆఫీసులో నాకెప్పుడూ ఎదురు కాలేదు. లాలాగూడలో మేం అద్దెకున్న ఇంట్లో ఎదురైంది.

ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ముందు కలిగేది భయం కాదు. అసహ్యం.

అది రెండంతస్తుల ఇల్లు. కింద మేము, పైన ఇంటి యజమాని నర్సింగరావు, ఆయన భార్య. ఆయన రిటైరైన మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో ఉండేవాడు. పొద్దున లేస్తే చేతిలో తడిగుడ్డతో గేటు మీద దుమ్ము తుడుస్తూ కనబడేవాడు. చెప్పులతో ఎవరైనా మెట్లెక్కితే ఊరుకునేవాడు కాదు. మేం చేరిన రోజే నీళ్ళ సంగతి తేల్చి చెప్పాడు.

"మా నీళ్ళు మాకు, మీ నీళ్ళు మీకు. పైకి వేరే నల్లా పైపు, వేరే ట్యాంకి ఉన్నది. మీకు వెనక భూమిల కట్టిన సంపు ఉన్నది. కొట్లాట ఉండదు, మంచిగుంటది."

ఎంత పద్ధతైన మనిషి అనుకున్నాం నేనూ, నా భార్య సుజాతా.

ఇద్దరం ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళం. మూడేళ్ళ మా పాప చిన్నిని పగలంతా ఆయా చూసుకునేది. మాకు కాస్త ధైర్యంగా ఉంటుందని ఇంట్లో కెమెరాలు పెట్టించాను. గేటు దగ్గర ఒకటి, హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, వెనక పెరట్లో ఒకటి. నాలుగింటి కేబుళ్ళూ హాల్లో టీవీ కింద పెట్టిన రికార్డర్ పెట్టెలోకి వచ్చేవి. టీవీ తెర నాలుగు గడులుగా విడిపోయి, ఒక్కో గడిలో ఒక్కో కెమెరా బొమ్మ కనబడేది. బిగించింది చిలకలగూడలో చిన్న షాపున్న సలీం.

వానలు మొదలయ్యాక నాలుగో గడి, అంటే పెరటి కెమెరా, ఉన్నట్టుండి పోవడం మొదలైంది. గడి నీలంగా మారి 'వీడియో లాస్' అని పడేది. కాసేపటికి మళ్ళీ దానంతట అదే వచ్చేది.

తడి తగిలి కనెక్టర్ పాడైంది అనుకుని కొత్తది వేశాను. తగ్గలేదు. పవర్ అడాప్టర్ మార్చాను. తగ్గలేదు. హాల్లో కెమెరా తీసి పెరట్లో పెట్టాను, అదీ పోయింది. పెరటిది హాల్లో పెడితే బాగానే పనిచేసింది. కాబట్టి కెమెరాలో లోపం లేదు. హాలు కేబుల్ తెచ్చి రికార్డర్ నాలుగో పోర్టుకు తగిలిస్తే బొమ్మ చక్కగా వచ్చింది. కాబట్టి పోర్టులోనూ లోపం లేదు. మిగిలింది కేబులే. సలీంను పిలిచి పెరటి దాకా కొత్త కేబుల్ లాగించాను. అయినా పోయింది.

ఈలోగా ఇంట్లో వేరే గొడవ మొదలైంది. నీళ్ళు వాసన వచ్చేవి. మొదట్లో తుప్పు వాసనలా ఉండేది. తర్వాత తర్వాత, ఎన్నాళ్ళో మూసి ఉంచిన పాత్ర మూత తీసినట్టు ఉండేది. ఫిల్టర్ కడుగుదామని సుజాత విప్పితే లోపలి తెల్లటి క్యాండిల్‌కి గోధుమరంగు జిగట పట్టి ఉంది. చాకుతో గీకితే వేళ్ళకు అంటుకుని సాగింది.

"ఏటండీ ఇది? చీమిడిలా సాగుతోంది" అని ఆమె సింకు మీదికి వంగి వాంతి చేసుకుంది.

నేను పైకి వెళ్ళి నర్సింగరావుకు చెప్పాను. ఆయన నవ్వాడు.

"వానకాలం గదా, కొత్త నీళ్ళు. జెర వాసన ఉంటది. కాచుకొని తాగున్రి."

కాచుకునే తాగాం. కానీ ఆ నీళ్ళతోనే పళ్ళు తోముకున్నాం, కూరలు కడిగాం, పాపకు స్నానం చేయించాం. స్నానం చేస్తూ చిన్ని చెంబులో నీళ్ళు పుక్కిలించి ఉమ్మేది. పిల్లకు ముందు జ్వరం, తర్వాత వాంతులు, ఆపైన కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు. డాక్టర్ ఇంకేమీ అడగలేదు, "ఏ నీళ్ళు వాడుతున్నారు?" అని మాత్రం అడిగాడు.

పాపను సుజాత ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న శనివారం పొద్దున సలీం మళ్ళీ వచ్చాడు. నిజానికి ఆ రోజు కెమెరా గొడవ నాకు పట్టలేదు. వచ్చాడు కదా అని చూడమన్నాను. అతను రికార్డర్ వెనక చెయ్యి పెట్టి నాలుగో కేబుల్ పూర్తిగా పీకేశాడు. గడి నీలంగా మారింది. అలా మారాలి కూడా.

ఒక్క నిమిషం తర్వాత అందులో బొమ్మ వచ్చింది.

ఊడదీసిన కేబుల్ కొస ఇంకా సలీం చేతిలోనే ఉంది.

బొమ్మ దాదాపు చీకటి. పైన ఒక మూల సన్నటి వెలుగు గీత. దాని కింద నీళ్ళు, మెల్లగా ఊగుతున్నాయి. పక్కన గోడ, గోడలో పగులు, ఆ పగుల్లోంచి చిక్కటిదేదో నిదానంగా జారి నీళ్ళలో కలుస్తోంది. అది కెమెరా పైనుంచి చూపించే దృశ్యం కాదు. నీళ్ళలో మెడ దాకా మునిగి, తలెత్తి చూస్తే అలా కనబడుతుంది.

పక్క కెమెరా సిగ్నల్ ఇందులోకి కారుతోంది అన్నాను. అలా జరుగుతుంది, నేను చూశాను. సలీం మిగతా మూడు కేబుళ్ళూ పీకేశాడు. మూడు గడులూ నీలంగా మారాయి. నాలుగోది అలాగే ఊగుతూ ఉంది.

"సార్, మస్తు జూసిన గానీ గిట్ల ఎక్కడ జూడలే" అన్నాడు సలీం.

సుజాత పాపను భుజాన వేసుకుని టీవీ దగ్గరికి వచ్చింది. నీళ్ళ మీద తేలుతున్న ఒక వస్తువును వేలితో చూపించింది. పిడి విరిగిన ప్లాస్టిక్ మగ్గు.

"ఇది మనదే. చేరిన కొత్తలో సంపులో పడిపోయింది కదా" అంది.

పెరట్లోకి పరుగెత్తాను. సంపు మీద సిమెంటు పలక, మా మగ్గు పడిన తర్వాత నర్సింగరావు దాని చుట్టూ సున్నంతో పూయించేశాడు. గునపంతో కొడుతుంటే పైనుంచి నర్సింగరావు దిగి వచ్చాడు.

"ఏందయ్యా ఇది? నా ఇంట్ల నన్నడగకుండ సంపు ఎట్ల తెరుస్తవ్?"

"పాపకు కామెర్లు అంకుల్. నీళ్ళు చూడాలి."

"పిల్లలకు వస్తనే ఉంటయ్. గది ముట్టకు!"

నా చేతిలో గునపం పట్టుకుని లాగాడు. వెనకే వచ్చిన ఆయన భార్య మెట్ల మీద ఆగిపోయి, "తియ్యనియ్యి. గోడ పగిలిందని నేను అప్పుడే జెప్పిన, వింటివా?" అంది.

ఆయన చెయ్యి వదిలేశాడు. నేను పలక లేపాను.

ఆ వాసనకు పేరు లేదు. సంపు గోడకు అవతల ఆ ఇంటి సెప్టిక్ ట్యాంకు. మధ్య గోడ పగిలి అటుది ఇటు ఊరుతోంది. ఎప్పుడో ఆ పగులు మీద సిమెంటు మెత్తి, బాత్రూము టైలు ఒకటి అంటించారు. అది ఊడి వేలాడుతోంది. నీళ్ళ మీద ఉబ్బిపోయిన పందికొక్కులు, వాటి పక్కన మా మగ్గు. ఆ నీళ్ళతోనే మేం అన్నం వండుకున్నాం.

నేను సంపు మీదికి వంగి ఇంకా లోపలికి చూస్తుండగానే హాల్లోంచి సలీం అరిచాడు. "సార్! మీరు కనబడుతున్రు! టీవీల మీ ముఖం కనబడుతున్నది!"

నేను సంపు దగ్గర నుంచి వెనక్కి జరిగాను. ఏమైందోనని నర్సింగరావు ముందుకు వచ్చి సంపులోకి వంగాడు. హాల్లోంచి సలీం కేక ఇంకోటి వినబడింది. ఈసారి మాటలు కాదు.

నేను లోపలికి వెళ్ళేసరికి నాలుగో గడి నల్లగా ఉంది. కాసేపటికి నీలంగా మారి 'వీడియో లాస్' అని పడింది. మళ్ళీ బొమ్మ రాలేదు. సలీం తన సామాను సంచి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

రికార్డర్ అంతా రికార్డు చేసింది. ఆ మధ్యాహ్నమే వెనక్కి తిప్పి చూశాను. పలక లేవగానే తెల్లటి వెలుగు. ఆ వెలుగులో పైనుంచి వంగిన నా ముఖం. బొమ్మ అప్పుడు కదలకుండా ఉంది. నన్ను చూస్తున్నట్టే ఉంది. తర్వాత నర్సింగరావు ముఖం వంగింది. వంగిన క్షణంలో బొమ్మ చటుక్కున వెనక్కి, కిందికి, నీళ్ళ అడుక్కి వెళ్ళిపోయింది. కొట్టడానికి చెయ్యెత్తితే ఏదైనా ప్రాణి ఎలా ముడుచుకుంటుందో అలా.

మర్నాడు మనుషుల్ని పెట్టి సంపు మొత్తం తోడించాను. నేనే దిగాను, ముక్కుకు తువ్వాలు కట్టుకుని. అడుగున బురద, పందికొక్కుల ఎముకలు, జుట్టు ఉండలు. చేత్తో దేవి చూశాను. కెమెరా లేదు, వైరు లేదు, ఏ పరికరమూ లేదు.

చిన్నికి నయమయ్యేసరికి చాలా రోజులు పట్టింది. మేం కాప్రాకు మారిపోయాం. సామాను ఎక్కిస్తున్న రోజు నర్సింగరావు భార్య మా పాపను ముద్దు పెట్టుకోబోయింది. రోజూ ఎత్తుకున్న మనిషే. బిస్కెట్లు పెట్టిన మనిషే. ఆ నీళ్ళ సంగతి మొదటి నుంచీ తెలిసిన మనిషి కూడా. సుజాత పాపను లాక్కుని ఆటో ఎక్కింది. నర్సింగరావు మాత్రం మమ్మల్ని చూడలేదు. మేం ఆనించి పెట్టిన సామాను వల్ల గేటుకు మరక పడిందని తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తే నీళ్ళ సంగతి చెప్పమని పక్కింటివాళ్ళను బతిమాలాను. వాళ్ళు చెప్పారు. అయినా నెల తిరక్కముందే ఎవరో చేరారట. నేనే వెళ్ళి వాళ్ళకు సంపు చూపించాను. పగులు మీద కొత్త టైలు అంటించి ఉంది, సున్నం కొట్టి ఉంది. వాళ్ళు ఖాళీ చేసేదాకా నేను ఆదివారాలు ఆ గేటు దగ్గర నిలబడి, ఆ నీళ్ళు వాడొద్దని చెబుతూనే ఉన్నాను. ఆ తర్వాత మునిసిపల్ వాళ్ళు వచ్చి సంపు పూడ్చారని విన్నాను.

ఆ రికార్డింగ్ ఇంకా నా దగ్గరుంది. ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి చూపించాను. ఎవరిదో వైర్‌లెస్ కెమెరా సిగ్నల్ పట్టి ఉంటుంది అన్నారు. సంపులో కెమెరా ఉంటే నేనూ ఆ మాటే అనేవాడిని. ఆ రికార్డర్ కాప్రా ఇంట్లో ఏళ్ళ తరబడి ఏ లోపమూ లేకుండా పనిచేసింది.

అదేమిటో నాకు తెలియదు. దాన్ని దయ్యం అనడానికి ఇప్పటికీ నోరు రాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ ఇంట్లో నేను చూసిన వాటిలో నాకు అసహ్యం కలగనిది అదొక్కటే.