నాయన నోటుబుక్కులో నేను కొట్టేసిన మాట

మొన్న మా మనవరాలు పోటీపరీక్షకు చదువుతూ, ఫోర్సు, ఫోర్టు, ఎఫర్టు, కంఫర్టు అన్నీ ఒకే మాటకు పుట్టాయట అవ్వా అని ఫోను చూసి ఆశ్చర్యపోతుంటే, డెబ్బయ్యేళ్ల నాటి సిగ్గొకటి నాకు మళ్లీ గుర్తొచ్చింది. ఈ సంగతి ఫోనుకంటే ముందే మా నాయన చెప్పాడు. నేనే నమ్మలేదు.

మా నాయన ఉదయగిరిలో మిషను బడి పంతులు. మనుషులకు మల్లే ఇంగ్లీషు మాటలకూ ఇంటిపేర్లుంటాయని ఆయన నమ్మకం. ఒకసారి మమ్మల్ని దుర్గం మెట్లన్నీ ఎక్కించి, ఆయాసంతో కూలబడ్డ మాకు, ఎదురుగా ఉన్న గోడలు ఫోర్టు అనీ, మేం ఎక్కడానికి పడ్డ పాట్లు ఎఫర్టు అనీ, రెండూ బలం అనే అర్థమున్న పాత లాటిన్ మాటకు పుట్టిన అక్కచెల్లెళ్లనీ చెప్పాడు. బలవంతపెట్టడమనే కంపెల్ మాత్రం వేరే ఇంటిదట, దాని పుట్టుకలో పశువులను తోలినట్టు తోలడం ఉందట. ఇంతవరకూ బాగానే ఉంది గానీ, బలమివ్వడమే దాని మూలార్థమంటూ కంఫర్టును కూడా తెచ్చి ఫోర్సు పక్కన కూర్చోబెట్టేసరికి నా బుర్ర తిరిగిపోయింది. కంఫర్టంటే సుఖం, ఓదార్పు. మెడలు వంచే ఫోర్సుతో దానికేం చుట్టరికం? నాయనే పొరబడ్డాడని తీర్మానించి, ఆయన ఇంట్లో లేనప్పుడు, మాటల పుట్టుకలు రాసుకునే ఆయన నోటుబుక్కు తీసి ఆ మాటను సిరాతో కొట్టేశాను. ఆయన చూసి, దిద్దకుండా అలాగే వదిలేశాడు. పదహారేళ్ల దాన్ని, గెలిచాననుకున్నాను.

ఆ ఏడే, స్కూలు ఫైనలు పరీక్షలు తొమ్మిది రోజులున్నాయనగా, నాయన జ్వరంతో పోయాడు. పరీక్షలు ఆత్మకూరులో. నేను రాయనన్నాను. రాయకపోతే ట్రైనింగు లేదు, ఉద్యోగం లేదు, చూపు సరిగా ఆనని మా అమ్మకూ నాకూ వేరే ఆధారం లేదు. అదంతా తెలిసే రాయనన్నాను.

మా వాళ్లలో చావింట పొయ్యి వెలిగించరు. చర్చి వాళ్లు వచ్చి ప్రార్థన చేసే ఓదార్పు కూడిక జరిగేదాకా ఇరుగుపొరుగు ఆడవాళ్లు వంతులేసుకుని కూడు తెచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చుంటారు. మా పెద్దమ్మ, అంటే నాయనకు వదిన, తన వంతు కాని రోజు కూడా వచ్చి, సంగటి ముద్ద నా నోటి దగ్గర పెట్టి, వద్దన్నా చెయ్యి దించేది కాదు. పరీక్ష నాటి పొద్దున నన్ను రెక్క పట్టి లేపి, తల దువ్వి, "రాసొచ్చినాక ఎంతైనా ఏడుద్దువులే, లేమ్మే. మీ నాయనుంటే నిన్నీడ కూచోనిస్తాడా?" అని బస్సు దాకా నడిపించి, తనూ ఎక్కి పక్కన కూర్చుంది. నాకు పట్టరాని కోపం. గొడ్డును తోలినట్టు తోలుతోంది, ఇదే కంపెల్ అంటే అని దారి పొడుగునా లోలోపల తిట్టుకున్నాను. ఆత్మకూరులో బడి గేటు దగ్గర ఆమె నా చెయ్యి వదిలేసింది. వదిలాక కూడా నా కాళ్లు లోపలికే నడిచాయి.

ఆ నడక ఆమె బలమో, నాదో, నాయనదో నాకీనాటికీ తెలియదు. పరీక్ష గట్టెక్కి, పంతులమ్మనై ముప్పయ్యేళ్లు అవే మాటలు చెప్పాను గానీ, కంఫర్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా తడబడి, పిల్లలకు అర్థం చెప్పి మూలం చెప్పకుండా దాటేసేదాన్ని.

నిన్న మనవరాలు భయమేస్తోంది, పరీక్ష రాయనంది. వాళ్లమ్మ నెమ్మదిగా, నీ ఇష్టం తల్లీ అంది. మా రోజుల్లో నాకెవరూ ఆ మాట చెప్పలేదు, చెప్పి ఉంటే నేనేమైపోయేదాన్నో. అలా అనడం గౌరవమో, గేటు దాకా రాకముందే చెయ్యి వదిలెయ్యడమో నాకు తేలడం లేదు. లేచి దాని రెక్క పట్టుకుందామనుకున్నాను. కాలం మారింది, నాకేం హక్కని ఆగిపోయాను. పరీక్ష ఎల్లుండి. నాయన నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని నేనింకా కూర్చునే ఉన్నాను.