మూడో బంతి లేవకముందే

నిన్న మా వీధిలో పెళ్ళయింది. పొద్దున్నే ఎవరో పెద్ద వంట బగోనను సిమెంటు నేల మీద బరబరా ఈడ్చుకుపోతుంటే, టీ తాగుతున్నదాన్ని ఆగి ఫక్కున నవ్వేశాను. ఆ చప్పుడు వింటే నాకు పెళ్ళిళ్ళు గుర్తురావు, ప్రోగ్రాములు రాయడం నేర్పిన రజియా మేడం గుర్తొస్తారు.

ఖమ్మంలో వాళ్ళది టెంట్ హౌస్. కింద వాళ్ళ నాన్న (మేడం 'అబ్బా' అనేవారు) షామియానాలు, వంట సామాన్లు కిరాయికిచ్చే కొట్టు. పైన మేడం నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అక్కడే నా మొదటి ఉద్యోగం. చేరిన ఏడాదే ఒక పని వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి పెరిగినప్పుడల్లా ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళ ఫోన్లకు హెచ్చరిక పంపే ప్రోగ్రాము. ఆ ఊళ్ళలో ఒకటి మా పిన్నిది. మేడం అడగకముందే "నేను రాస్త" అని ఎగిరి గంతేశాను.

రాశాను. మధ్యాహ్నానికల్లా మెమరీ నిండి కూలబడేది. "అక్కర్లేని డేటాను ఈ ప్రోగ్రామింగ్ భాష తనంతట తానే ఊడుస్తదన్నరు కదా మేడం, ఊడుస్తలేదేంది?" అని చిందులు తొక్కాను. మేడం నెత్తి మీది కళ్ళద్దాలు కిందికి లాక్కుని, నా కోడు చూసి పకపకా నవ్వారు. పంపిన ప్రతి సందేశాన్నీ, ఎందుకైనా మంచిదని, నేను ఒక జాబితాలో దాస్తున్నాను. "నువ్వే గట్టిగ పట్టుకొని కూసుంటివి సుజాతా. ఇంకా నీకు కావాల్నేమో అనుకుంటది పాపం. ఎవరన్న పట్టుకున్నదాన్ని అది ముట్టదు."

నాకు రోషమొచ్చింది. జాబితా మొత్తం మాటిమాటికీ తుడిచేసేలా మార్చేశాను. ప్రోగ్రాము ఇక కూలలేదు. గొప్పగా పిన్నికి ఫోన్ చేసి, పరీక్షకు పంపిన మెసేజ్ వచ్చిందా అనడిగాను.

"ఏ మెసేజ్ బిడ్డా? ఏం రాలే."

కోడు మళ్ళీ తెరిచాను. అడవి అంచు ఊరు, సిగ్నల్ వచ్చిపోతుంటుంది. మళ్ళీ పంపడానికి ఆగి ఉన్న సందేశాన్ని కూడా నేనే తుడిచేశాను. నిజంగా వరదొస్తే పిన్ని గతేమిటి?

మేడం తిట్టలేదు. "నేను నీకంటె ఘనురాల్ని" అని మొదలుపెట్టారు. కొత్తలో కుసుమంచిలో ఒక పెళ్ళికి సామాన్లు తేవడానికి వెళ్ళారట. "మావోళ్ళు తినుడైంది, తీస్కపోండి" అని పెళ్ళికొడుకు మేనమామ అన్నాడని పప్పుచారు బగోన ఆటో ఎక్కించేశారు. అటుపక్క పెళ్ళికూతురువాళ్ళ మూడో బంతి అప్పుడే విస్తళ్ళ ముందు కూర్చుంది. "అన్నం కలిపిన చేతులతోనే నా ఆటో ఎంబడి ఉరికిండ్రు! మా అబ్బా చెప్పిండు, ఒక్కరు చాలన్నరని బగోన ఎత్తొద్దు, ఆఖరి మనిషి చెయ్యి కడిగినంక ఎత్తాలె అని."

"వంటాయన వడ్డించేటోళ్ళ కోసం, వాళ్ళు వంటాయన కోసం చూసుకుంట కూసుంటే? తినేటోడు ఒక్కడు లేకున్న బగోన లేవదు కద?" అన్నాను, ఊరుకోక.

"అందుకే మా అబ్బా మధ్యమధ్యల, ఎవరన్న నిజంగ తింటున్నరా అని, పందిరంత తిరిగొస్తుండె. మన భాషల కూడ గసొంటి అబ్బా ఒకడున్నడు లే. ఊడ్చుడు ఆయన పని. నీ పని సరైన టైముకు చెయ్యి వదులుడు, గంతే."

ఫోనుకు చేరినట్టు తెలిశాకే సందేశాన్ని వదిలేలా ఆ రోజే తిరగరాశాను. తుడిచే పని మళ్ళీ భాషకే అప్పగించాను.

ఆ శ్రావణంలో గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక దాటింది. మేడమూ నేనూ తెర ముందు కూర్చున్నాం. "దాదాపు అందరికీ చేరింది మేడం" అన్నాను, నాకు నేనే ధైర్యం చెప్పుకుంటూ.

"చేరనిది ఎవరికి? పేరు చెప్పు."

తెర మీద వెతికాను. పిన్ని పేరే. మేడం నా చెయ్యి పట్టుకున్నారు. ప్రోగ్రాము మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే ఉంది. చాలాసేపటికి ఆ పేరు పక్కన 'చేరింది' అని పడింది. ఆ వెనకే ఫోన్ మోగింది. "మేకలతోటి సహా గుట్టెక్కినం బిడ్డా, భయపడకు" అంది పిన్ని. నేను భోరుమన్నాను. మేడం నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు "దాదాపు అందరికీ చేరింది మేడం" అని హుషారుగా వస్తారు. మిగిలినవాళ్ళ పేర్లు చదవమంటాను.