దర్జీ గారి గావుకేకలు

సూది కనబడితే చాలు, దర్జీ గారు గావుకేక పెట్టేవారు. నలభై ఏళ్లు సూదితోనే బతికిన మనిషికి సూదంటే భయమేమిటో నర్సమ్మకి అంతుబట్టేది కాదు.

మలేరియాకి కొత్త టీకా పనిచేస్తుందో లేదో తేల్చడానికి పన్నెండుమంది పెద్దవాళ్లు తెలిసి తెలిసి మలేరియా ఉన్న దోమలతో కుట్టించుకుని ఆ వార్డులో చేరారు. రక్తంలో మలేరియా జాడ కనబడగానే మందిచ్చి నయం చేస్తారు. అందాకా రోజూ పొద్దున్నే రక్తం తీయాలి. మధ్యలో ఒక్కరు వెళ్లిపోయినా లెక్క తప్పుతుంది.

రెండో రోజే పక్క మంచం బస్సు డ్రైవరు సంచి సర్దేశాడు. మనిషి కొండంత, సూది చూస్తే మాత్రం ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. సరిగ్గా అప్పుడే దర్జీ గారు అందుకున్నారు.

"చంపేస్తోంది బాబోయ్. మా ఆవిడకి కబురు పంపండి."

"ఇంకా సూది తియ్యలేదండీ. దూదితో తుడుస్తున్నాను."

"చల్లగా తగిలిందమ్మా. ప్రాణం పోయేముందు అలాగే ఉంటుందట."

వార్డంతా గొల్లున నవ్వింది. "ఈయన కంటే నేనే నయం" అంటూ డ్రైవరు చెయ్యి చాపాడు. రోజూ ఇదే తంతు. నర్సమ్మ చెవులకి చిల్లులు పడ్డాయి.

పదో రోజు సూది దిగింది, వచ్చింది. దర్జీ గారు కిక్కురుమనలేదు.  నర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకు చూస్తే కాలిపోతోంది. నూట మూడు.

"ఎప్పటినుంచండీ?"

"తెల్లారగట్ల నుంచి."

"దూదికే ఊరు లేపేవారు, ఇప్పుడు చెప్పరేం?"

ఆయన డ్రైవరు వైపు చూసి గొంతు తగ్గించారు. "ఉత్తుత్తి కేకలకైతే నవ్వుతాడమ్మా. ఇది నిజమని తెలిస్తే మళ్లీ సంచి సర్దేస్తాడు."

నర్సమ్మ ఆయన వేళ్లకేసి చూసింది. నలభై ఏళ్ల సూదిపోట్లకి కొసలు కాయలు కాసి ఉన్నాయి. ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు ఆమెకి సిగ్గేసింది.

"జ్వరం దాస్తే ఊరుకోను. నా చెవిలోనైనా చెప్పాలి" అని గదమాయించింది. రక్తంలో మలేరియా తేలింది. ఆ పూటే మాత్రలు మొదలుపెట్టారు.

మూడు రోజులకి జ్వరం దిగింది. నాలుగోనాడు, రక్తంలో మలేరియా పూర్తిగా పోయిందో లేదో చూద్దామని నర్సమ్మ దూది తీసిందో లేదో, గావుకేక లేచింది.

"హమ్మయ్య, కోలుకున్నాడు" అన్నాడు డ్రైవరు, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ.

"అరవకండి" అని నర్సమ్మ అందరికీ వినబడేలా కసిరింది. తర్వాత వంగి ఆయన చెవిలో అంది. "ఇంకాస్త గట్టిగా బాబాయి గారూ. ఆ చివరి మంచం ఆవిడ ఇంకా నవ్వలేదు."