పదకొండు గంటల ఆడిట్

త్రిమూర్తులు గారి దగ్గర పని నేర్చుకున్న ఆడిటర్లు ఆయన వెనకాల ఆయన్ని కోడికూత ఆడిటర్ అనేవారు. పాల సంఘం లెక్కలు చూడాలంటే తెల్లవారకముందే వెళ్లి అక్కడ నిలబడాలనేవారాయన. కల్లు సంఘానికి పొద్దుగూకే వేళ వెళ్లాలి. నేత సంఘానికైతే వాన పడే రోజు. వాన రోజే ఎందుకండీ అని కొత్తగా చేరినాయన ఒకరు అడిగితే, "వానకి మగ్గం గుంటలో చెమ్మ చేరి నేత ఆగిపోతుంది కదండీ. ఆ రోజు కూడా పుస్తకంలో చీరలు దిగాయంటే అవి ఎక్కణ్ణుంచి దిగాయో కనుక్కోవద్దూ" అన్నారు.

పుస్తకం తెరవకముందు రెండు సంగతులు తేల్చుకోమనేవారు. ఈ సంఘం బతికేది ఏ గడియలో, ఎవరి చేతి మీదుగా? ఆ చేతిని పట్టుకుని ఆపగలిగిన మనిషి కమిటీలో ఒక్కడైనా ఉన్నాడా? ఈ రెండూ తెలియకుండా ఎర్ర పెన్సిల్ బయటికి తీయొద్దనేవారు. వినేవాళ్లకు అదంతా చాదస్తంగా ఉండేది. ఆ చాదస్తం ఆయనకు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. ఆ వ్యవహారంలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి చెప్పుకోవడానికి బాగుండదు, అయినా చెబుతాను.

ఆయనది అమలాపురం వైపు. రాష్ట్రం ఏర్పడ్డాక కర్నూలు నుంచి ఆఫీసు బీరువాలతో పాటు హైదరాబాదు చేరిన గుమాస్తాల్లో ఆయనొకరు. నేను ఉప్పల్ వాణ్ని. సహకార శాఖలో మాకు ఒకే బల్ల, అటు ఆయన, ఇటు నేను. హబ్సిగూడలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని, భార్య కామాక్షి గారితో కాపురం ఉండేవారు. చక్కదనం అంటే ప్రాణం. గీత గీస్తే స్కేలు పెట్టి గీయాలి, అంకె వేస్తే కిందా పైనా వరసగా రావాలి. కొట్టివేతలున్న పుస్తకం కనబడితే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టేవారు. నాకు ఆయనంటే గౌరవం, కాస్త నవ్వులాట కూడా.

అరవై ఏడు ఆగస్టులో ఆయనకు నాచారం పాల సంఘం ఆడిట్ పడింది. డెబ్బై ఇళ్ల వాళ్లు రోజూ తెల్లవారుజామున పాలు తెచ్చి పోస్తారు. సంఘం వాటిని పట్నంలో హోటళ్లకు పంపుతుంది. అధ్యక్షుడు రామచంద్రరావు ఊళ్లో భూములున్న ఆసామి. పాలు కొలిచేది ఆయనే, పాలలో మీటరు ముంచి నీళ్లున్నాయో లేదో చూసేది ఆయనే, రిజిస్టరులో రాయించేది ఆయనే. కమిటీలో ఏడుగురుంటే అయిదుగురు ఆయన పొలం చేసేవాళ్లు. మూడేళ్ల తీర్మానాలన్నీ ఏకగ్రీవం. ఇవన్నీ త్రిమూర్తులు గారు చూశారు. చూసి, ముఠాలు లేని సంఘం అని ముచ్చటపడ్డారు.

మా శాఖలో ఆడిట్ అంటే పదిన్నర నుంచి అయిదు. హబ్సిగూడ నుంచి సైకిలు మీద ఆయన పదకొండుకు నాచారం చేరేసరికి, కొలిచే అరుగు కడిగి, క్యాన్లు బోర్లించి, గంగాళం గోడకు ఆనించి ఉండేది. పాలు అప్పటికే పట్నంలో టీ అయిపోయి ఉండేవి. ఆయన ముందు మిగిలేది పుస్తకాలు. అవి ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. రోజూ సేకరించిన పాలెన్నో, పంపిన పాలు సరిగ్గా అన్నే. సాయంత్రం ఆఫీసుకొచ్చి నాకు చూపించి మరీ మురిసిపోయారు. "చూడండి గోపాలరావు గారూ, మూడేళ్లలో ఒక్క లీటరు తేడా లేదు." నేనూ చూసి శభాష్ అన్నాను.

ఆడిట్ మూడో రోజు ఒక ఆడమనిషి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పేరు కొమురమ్మ, భర్త లేడు, నాలుగు బర్రెలున్నాయి. పాలలో నీళ్లు కలుపుతోందని జూలైలో కమిటీ ఆవిణ్ని సంఘం నుంచి తీసేసింది.

"సారూ, డబ్బా పొంగిచ్చి కొలుస్తున్నరు" అంది. "కిందికి కారినయి గంగాళంల పడ్తయి. అడిగితే సంఘానికి కొసరు అంటరు. గా కొసరు ఎవ్వరి లెక్కల లేదు. నేను డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టి, గిట్ల సమానంగ కొలువుమన్న. గా మర్నాటి సంది నా పాలల్ల నీళ్లు కనవడ్డయి."

త్రిమూర్తులు గారు రిజిస్టరు తిప్పి చూశారు. "నీళ్లు కలిశాయన్న మూడు రోజులూ మీటరు రీడింగు రాసి ఉందమ్మా. ఎదురుగా నీ వేలిముద్ర కూడా ఉంది."

"ఏలు పెట్టకపోతే పైసల చీటీ ఇయ్యరు గద సారూ. ఒక్క దినం తెల్లారగట్ల రాండ్రి. నిలబడి సూడుండ్రి. ఇంకేం అడుగుత లేను."

"నేను చూసేది లెక్కలమ్మా, పాలు కాదు" అన్నారాయన.

ఆ మాట అన్నానని అప్పుడు నాకు నవ్వుతూ చెప్పారు. తర్వాత ఇరవై ఏళ్లలో మరో నాలుగైదు సార్లు చెప్పారు గాని, నవ్వలేదు. రిపోర్టులో 'సభ్యురాలి ఫిర్యాదుకు ఆధారం లేదు' అని రాసి, సంఘానికి ఎ తరగతి ఇచ్చారు. మా శాఖలో అంతకు మించిన తరగతి లేదు.

కొమురమ్మ బర్రెలు సంఘం పూచీ మీద బ్యాంకు అప్పుతో కొన్నవి. వాయిదా పాల డబ్బులోంచి పట్టుకునేవారు. సభ్యత్వం పోయింది, పూచీ పోయింది. మొత్తం బాకీ ఆరు నెలల్లో కట్టాలని బ్యాంకు కాగితం పంపింది. ఆవిడ ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకుని హబ్సిగూడలో ఉద్యోగస్తుల ఇళ్లకు తిరిగి పాలు పోయడం మొదలుపెట్టింది.

త్రిమూర్తులు గారు ఆరున్నరకు లేచి, స్నానం చేసి, అప్పుడు కాఫీ తాగే మనిషి. ఇంట్లో పాలు ఎవరు పోస్తున్నారో ఆయనకేం తెలుసు? జనవరి చివర్లో ఒక రోజు, రైలు దిగే బంధువు కోసం అయిదున్నరకే తలుపు తీస్తే, గుమ్మంలో కొమురమ్మ ఉంది. ఆయన్ని పోల్చుకుని కొంగు ముందుకు లాక్కుంది. "నమస్తే సారూ" అని, లీటరు కొలిచి కామాక్షి గారి గిన్నెలో పోసి, పైన ఇంకాస్త కొసరు పోసి వెళ్లిపోయింది.

ఆయన రైలు సంగతి మరిచిపోయారు. "ఈవిడ ఎప్పట్నుంచి పోస్తోంది?" అని భార్యను అడిగారు.

"వినాయక చవితి వెళ్లినప్పట్నుంచి. ఏమండీ?"

"పాలు ఎలా ఉంటాయి?"

కామాక్షి గారు నవ్వారట. "కాఫీ బాగుందని రోజూ రెండో గ్లాసు అడిగేది మీరే కదా. ఆ చిక్కదనానికి మీకు పైత్యం చేస్తుందేమోనని నేనే చెంబెడు నీళ్లు కలుపుతున్నాను."

మర్నాడు నాలుగున్నరకే లేచి నాచారం వెళ్లి, సంఘం ఎదురుగా చలిలో సైకిలు పట్టుకుని నిలబడ్డారు. రామచంద్రరావు ప్రతి డబ్బానూ పొంగించి కొలవడం చూశారు. గంగాళం నిండటం, దాన్ని వేరే క్యాన్లో వంచడం, మళ్లీ నిండటం చూశారు. ఆ క్యాను సంఘం బండి ఎక్కలేదు. అధ్యక్షుడి బామ్మర్ది సైకిలు మీద ఒక మిఠాయి దుకాణానికి వెళ్లింది.

ఆ రోజు ఆఫీసుకొచ్చి చూసిందంతా నాకు చెప్పారు. తర్వాత అడిగారు. "గోపాలరావు గారూ, పాలు కాస్తే గిన్నెకు కాస్తయినా అంటుకుంటుంది కదూ?"

"అంటుకుంటది."

"డెబ్బై ఇళ్ల పాలు. ఒకసారి ఒలికేవి, ఒకసారి విరిగేవి. మూడేళ్లలో ఒక్క లీటరు తగ్గలేదంటే ఆ తరుగు పూడ్చడానికి పక్కన ఇంకేవో పాలు ఉండాలి కదా. కళ్లెదుటే ఉంది. నేను దాన్ని చక్కదనం అనుకున్నాను."

తన ఆడిట్ తప్పని, మళ్లీ విచారణ జరిపించాలని అప్పుడే రిజిస్ట్రారు గారికి ఉత్తరం రాశారు. స్కేలు పెట్టి మార్జిను గీసి మరీ రాశారు. నన్ను చదవమని ఇచ్చారు. ఇక్కడే నేను వేలు పెట్టాను.

"ఉగాదికి ప్రమోషన్ల లిస్టు ఎళ్తది, మూర్తులు గారూ" అన్నాను. "మీరిచ్చిన ఎ మీద మీరే గీత కొడితే, మీ తక్కిన రిపోర్టులన్నీ తీస్తరు. జర ఆగుండ్రి. రెండు నెలల్ల గామెకు ఏమైతది?"

ఆయన నన్ను నమ్మారు. నమ్మారో, నమ్మాలనుకున్నారో, ఉత్తరం సొరుగులో పెట్టారు. రెండు నెలల్లో ఏమవుతుందన్న ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఆ రెండు నెలలూ ఆయన ఆ పాల కాఫీ మానలేదు, రెండో గ్లాసు మాత్రం అడగలేదు. పొద్దున్నే బిందె చప్పుడు వినిపిస్తే లేచి బయటికి రాకుండా పడుకునేవారని కామాక్షి గారు తర్వాత చెప్పారు.

కాముని పున్నమి వెళ్లిన మూడో నాడు ఆఫీసుకు వచ్చి, కూర్చోకుండానే సొరుగు లాగారు. "మూడు రోజులుగా ఆవిడ రావడం లేదట" అన్నారు. ఉత్తరం మీద తేదీ కొట్టివేయకుండా, జనవరి తేదీ అలాగే ఉంచి, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చారు.

ఏమైంది? ఏమీ కాలేదు. రిజిస్ట్రారు గారు చదివి, విచారణకు అని ఓ మూల రాసి సంతకం పెట్టారు. ఉగాదికి లిస్టు వచ్చింది, అందులో త్రిమూర్తులు గారి పేరు ఉంది. ఆయన తక్కిన రిపోర్టులు ఎవరూ తీయలేదు. మేము దేనికైతే భయపడ్డామో అది అసలు లేనే లేదు. విచారణాధికారి తెల్లవారుజామున వెళ్లి గంగాళం తీయించారు. కొమురమ్మను తిరిగి చేర్చుకోమని జూన్‌లో ఆర్డరు వచ్చింది. రామచంద్రరావు ఏకగ్రీవంగా అధ్యక్షుడిగానే ఉన్నారు.

ఆర్డరు నకలు తానే తీసుకెళ్లి ఇస్తానన్నారు త్రిమూర్తులు గారు. నాచారం దారులు నాకు తెలుసు కాబట్టి నేనూ వెళ్లాను. ఆదివారం, ఎండ మండిపోతోంది. కొమురమ్మ ఇంటి ముందు కొట్టం ఖాళీగా ఉంది. అక్కడ కొత్తగా కడుతున్న ఒక ఫ్యాక్టరీలో ఇటుకలు మోస్తున్నానని, ఈ రోజు పని లేదు కాబట్టి దొరికానని చెప్పింది. మాకు మంచం వాల్చింది.

"ఏం రాసిన్రు సారూ?" అని అడిగింది.

ఆయన చదివి, చదివినదాన్ని మామూలు మాటల్లో చెప్పారు. "నువ్వు చెప్పింది నిజమేనని రాశారమ్మా. నిన్ను మళ్లీ సంఘంలో చేర్చుకుంటారు."

"బర్రెల్లేని దాన్ని ఏం పొయ్యనీకి చేర్చుకుంటరు?" అని కాగితం అందుకుంది. "నేను చెప్పింది నిజమని నాకు ఎరుకే గద సారూ. మీకెప్పుడు ఎరుకైంది?"

ఈ మధ్య విచారణలో తేలింది అంటారనుకున్నాను. అనకపోతే నేనే అందామని నోరు తెరిచాను కూడా. ఆయన నా వైపు చూడలేదు.

"చలికాలంలోనమ్మా. మా గుమ్మంలో నిన్ను చూసిన మర్నాడే."

కొమురమ్మ వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టుకుంది. "బ్యాంకోళ్లు బర్రెలను తోల్కపోయింది కాముని పున్నమికి" అంది, మాతో కాదు. ఆ తర్వాత తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే మేమిద్దరం కొంచెం తేలికపడేవాళ్లం. కాగితం మడిచి చూరులో దోపింది.

"ఎండల పడి వచ్చిన్రు" అంది. "చాయ్ పెడ్దమంటే ఇంట్ల పాలు లేవు."

చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. తాగి వచ్చేశాం.